బోటు బ్యాటరీ కేబుల్‌కి లగ్గు: ఏ క్రింపర్ కొనాలి, ఏది అరువు తెచ్చుకుంటే చాలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగుతుంది. విశాఖ చేపల రేవులో ఇంజిన్లు విప్పేది, రంగులు వేసేది, వైరింగ్ మార్చేది ఆ 61 రోజుల్లోనే. జూన్ రెండో వారం వచ్చేసరికి నాకు వరసగా ఒకే రకం పిలుపులు వస్తాయి. “బేటరీ కొత్తదే, చార్జింగు ఫుల్లుంది, అయినా ఇంజిన్ తిరగట్లేదేటి?” వెళ్లి చూస్తే బ్యాటరీ మంచిదే, స్టార్టరూ మంచిదే. రెండింటినీ కలిపే కేబుల్ చివర లగ్గు, అంటే బోల్టుకి బిగించే కన్ను ఉన్న రాగి గొట్టం, మాత్రం చేత్తో పట్టుకుని తిప్పితే కదులుతుంది.

ఒడ్డున ఉన్నప్పుడు బయటపడితే ఒక రోజు పోతుంది, అంతే. సముద్రంలో, వల లాగి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోయినప్పుడు బయటపడితే బోటులో ఉన్న ఏడెనిమిది మంది గాలివాటుకు పోవాల్సిందే. చిన్న రాగి గొట్టాన్ని సరిగ్గా నొక్కకపోవడం వల్ల మనుషులు అలా చిక్కుకోవడం నాకు భరించరానిది. అందుకే లగ్గుని కేబుల్ మీద నొక్కి బిగించే పనిముట్టు, అంటే క్రింపర్ గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. 2 మీటర్ల 70 స్క్వేర్ (రాగి అడ్డుకోత 70 చదరపు మిల్లీమీటర్లు) కేబుల్ నిరోధం సుమారు అర మిల్లీఓమ్. వదులుగా నొక్కిన లగ్గు ఒక్కటే 1 మిల్లీఓమ్ దాకా పోవచ్చు. అంటే ఆ ఒక్క లగ్గు 4 మీటర్ల కేబుల్‌తో సమానం. స్టార్టర్ 400 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఆ లగ్గు దగ్గర 0.4 వోల్టు పోతుంది, 160 వాట్ల వేడి పుడుతుంది. బొటనవేలంత రాగి ముక్కలో 160 వాట్లు! 24 వోల్టుల బోటులో రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి పాజిటివ్ కేబుల్‌కి రెండు, నెగిటివ్‌కి రెండు, మధ్య లింకుకి రెండు, మొత్తం ఆరు లగ్గులు. ఆరూ అలాగే ఉంటే 2.4 వోల్టులు స్టార్టర్ దాకా వెళ్లనే వెళ్లవు. మధ్యలో బ్యాటరీ స్విచ్ ఉంటే ఎనిమిది లగ్గులు. బ్యాటరీ మార్చినా ఈ నష్టం తగ్గదు.

పనిముట్టు కంటే ముందు చేతిలోకి తీసుకోవాల్సినవి

క్రింపర్ ఏది కొనమంటారని అడిగేవాళ్లను నేను ముందు కేబుల్ ముక్క, లగ్గు తెమ్మంటాను. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. కానీ క్రింపర్ మంచిదో కాదో ఏ కేబుల్‌కి, ఏ లగ్గుకి అన్నది తెలియకుండా చెప్పలేం.

మన రేవుల్లో బ్యాటరీకి ఎక్కువగా వాడేది వెల్డింగ్ కేబుల్ లాంటి మెత్తటి కేబుల్. సన్నటి పోగులు వందల్లో ఉంటాయి. ఇళ్లకు, ప్యానెళ్లకు వాడే లావు పోగుల కేబుల్‌తో పోలిస్తే, అదే 70 స్క్వేర్ అయినా ఇది లావుగా ఉంటుంది. పోగుల మధ్య గాలి ఎక్కువ కాబట్టి. అందుకే లగ్గు గొట్టంలోకి సగమే దూరి ఆగిపోతుంది. అప్పుడు కొందరు చేసే పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చుట్టూ ఉన్న పోగులు కొన్ని కత్తిరించి, మిగిలినవి దూర్చేస్తారు. 70 స్క్వేర్ డబ్బు పెట్టి కొని 55 స్క్వేర్ వాడుకున్నట్టు. మెత్తటి కేబుల్‌కని చేసిన, నోరు కొంచెం వెడల్పుగా ఉన్న లగ్గులు దొరుకుతాయి. అవి అడగండి.

లగ్గు విషయంలో పెద్ద ప్రమాదం రంగు. తగరపు పూత ఉన్న రాగి లగ్గు వెండిలా మెరుస్తుంది, అల్యూమినియం లగ్గూ అలాగే మెరుస్తుంది. అల్యూమినియం కేబుళ్లు ఎక్కువగా అమ్మే షాపులో రద్దీ వేళ రెండూ కలిసిపోవచ్చు. కత్తి మొనతో గొట్టం లోపల గీకండి. ఎర్రటి రాగి కనిపించాలి. చేతిలో బరువు కూడా తెలుస్తుంది. రాగి దాదాపు మూడు రెట్లు బరువు. ఉప్పు తేమలో రాగి కేబుల్‌కి అల్యూమినియం లగ్గు వేస్తే ఒక సీజనులోనే తెల్లటి పొడిగా రాలడం మొదలవుతుంది.

కేబుల్‌కి పరీక్ష దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. చవకగా దొరికే కేబుళ్లలో అల్యూమినియం పోగు మీద రాగి పూత పూసినవి ఉన్నాయి. పోగు బయట ఎర్రగా, గీకితే లోపల తెల్లగా ఉంటే అది బోటుకి పనికిరాదు. బయట తెల్లగా, గీకితే లోపల ఎర్రగా ఉంటే అది తగరపు పూత రాగి. సముద్రానికి అంతకంటే మంచిది లేదు.

కన్ను వైపు గొట్టానికి చిన్న చిల్లి ఉన్న లగ్గులు, పూర్తిగా మూసుకున్న లగ్గులు, రెండు రకాలూ ఉంటాయి. తీగ చివరిదాకా చేరిందో లేదో చూడటానికే ఆ చిల్లి. ప్యానెల్ పనికి అది సౌకర్యం. బోటులో మాత్రం అదే ఉప్పు తేమకు దారి. మూసుకున్న లగ్గే తీసుకుని, గొట్టం పొడవును కేబుల్ మీద గీతతో గుర్తు పెట్టి దూర్చండి. గీత నోటి దగ్గరికి వచ్చిందంటే తీగ చివరిదాకా చేరినట్టే.

పాత కేబుల్‌కి కొత్త లగ్గు వేస్తుంటే ఇంకొకటి. తొక్క తీయగానే పోగులు నల్లగా ఉంటే మరో జానెడు కోయండి. మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూనే ఉండండి. రాకపోతే కేబుల్ పారేయండి. చిలుం పట్టిన పోగుల్ని ఎన్ని టన్నులతో నొక్కినా ఒకదానికొకటి అతుక్కోవు.

సుత్తితో కొట్టే క్రింపర్

అన్నిటికంటే చవక ఇదే. అరచేయంత ఇనప దిమ్మ, కింద వి ఆకారపు గాడి, పైన కిందికి జారే పంచ్. లగ్గు గాడిలో పెట్టి పంచ్ మీద సుత్తితో కొట్టాలి. నూనె లేదు, సీలు లేదు, పాడయ్యేది ఏమీ లేదు. తుప్పు పట్టినా గీకి వాడుకోవచ్చు.

దీని లోపం కొట్టే చేతిలోనూ, కింద ఉన్న నేలలోనూ ఉంటుంది. చెక్క డెక్ మీద పెట్టి కొడితే దెబ్బలో సగం డెక్కే మింగేస్తుంది, లగ్గు మీద చిన్న సొట్ట పడుతుంది, కొట్టినవాడికి మాత్రం బాగా కొట్టినట్టే ఉంటుంది. కాంక్రీటు జెట్టీ మీదో, లావు ఇనప దిమ్మ మీదో పెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, పెద్ద బెంచి వైస్‌లో పెట్టి బిగించడం. దెబ్బ లేకుండా మెల్లగా దిగుతుంది కాబట్టి లగ్గు పక్కకు జారదు, ఎంత దిగిందో కంటికి తెలుస్తుంది. 25, 35 స్క్వేర్ వరకు ఇలా చేసిన లగ్గులు కోసి చూశాను, ఒప్పుకోదగ్గవే. 70 స్క్వేర్‌కి దీన్ని నమ్మను. పంచ్ దిగినచోట గొట్టం చిట్లేదాకా వస్తుంది, పక్కన మాత్రం పోగులు వదులుగానే ఉంటాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పంచ్ ఒక వైపే లోతైన గుంట చేస్తుంది. దాని మీద వేడికి ముడుచుకునే స్లీవ్ వేస్తే ఆ గుంట దగ్గర అంటుకోదు. అక్కడ తేమ నిలుస్తుంది.

పొడవు పిడుల క్రింపర్

ఇనప ఊచలు కోసే బోల్టు కట్టర్ లాగే ఉంటుంది. దవడల్లో ఆరుపలకల డైలు (లగ్గుని నొక్కే అచ్చులు), సైజు మార్చుకునేందుకు తిప్పే చక్రాలు. నాకు దీని మీద గౌరవం ఉంది. డైలు మంచివైతే ప్రతిసారీ ఒకేలా నొక్కుతుంది. పిడులు పూర్తిగా కలిశాయంటే పని అయినట్టే, అనుమానం ఉండదు. ఉప్పు గాలిలో ఏళ్ల తరబడి ఉన్నా కీలు దగ్గర రెండు చుక్కల నూనెతో మళ్లీ కదులుతుంది.

50 స్క్వేర్ వరకు ఒక మనిషి చేతుల బలం సరిపోతుంది. 70, 95కి ఒక పిడి వైస్‌లో బిగించి, రెండో పిడి మీద ఒళ్లంతా మోపాలి. పిడులు చాచడానికి చోటు కావాలి కాబట్టి ఇంజిన్ గదిలో వంగి కూర్చుని చేయలేరు. కేబుల్ మొత్తం ఒడ్డున తయారుచేసుకుని తీసుకెళ్లాల్సిందే.

దాని వల్ల వచ్చే చిక్కు అనుభవం లేనివాళ్లకు తట్టదు. 70 స్క్వేర్ కేబుల్‌ని మెలి తిప్పలేం. ఒక చివర లగ్గు కన్ను ఆకాశం వైపు చూస్తుంటే రెండో చివరది ఏ వైపు చూడాలో ముందే తెలిసి ఉండాలి. బోటులో కేబుల్‌ని దాని దారిలో పరిచి, పొడవునా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, రెండు చివర్లా కన్ను ఎటు తిరగాలో బాణం గుర్తు పెట్టుకుని అప్పుడు ఒడ్డుకు తేవాలి. అది చేయకపోతే లగ్గు బలవంతంగా తిప్పి బోల్టుకి బిగిస్తారు. ఇంజిన్ అదురుకి కొన్ని నెలల్లో స్టార్టర్ స్టడ్డే (కేబుల్ బిగించే బోల్టు) వదులవుతుంది.

హైడ్రాలిక్ చేతి క్రింపర్, డై మోసం

ఎక్కువ మంది కొనేది ఇదే, కొనాల్సిందీ చాలావరకు ఇదే. ఎక్కువ మోసపోయేదీ దీనితోనే. ఒక పిడి కొడుతుంటే లోపల నూనె పిస్టన్‌ని తోస్తుంది, డైలు రెండూ దగ్గరవుతాయి. చిన్న నమూనాలు 4 నుంచి 70 స్క్వేర్ వరకు, తర్వాతివి 10 నుంచి 120 వరకు డైలతో వస్తాయి. చిన్నగా ఉంటాయి కాబట్టి ఇంజిన్ గదిలోనే చివరి లగ్గు నొక్కవచ్చు. అంటే ఒక చివర ఒడ్డున, రెండోది కేబుల్ దాని చోట్లో పడ్డాక. పైన చెప్పిన కన్ను చిక్కు సగం తీరిపోతుంది.

పెట్టె మీద టన్నులు పెద్ద అక్షరాలతో రాస్తారు. 8 టన్నులు, 10 టన్నులు, ఒక్కోసారి అదే సైజు పనిముట్టు మీద 16 టన్నులు. నేను ఆ అంకె చూసి కొనడం మానేశాను. 70 స్క్వేర్ రాగి లగ్గు నొక్కడానికి డైలు పూర్తిగా కలిసేంత బలం ఉంటే చాలు. అంతకుమించి ఎంత బలం ఉన్నా డైలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయే తప్ప లగ్గుకి ఏమీ చేరదు. లగ్గు ఎంత బిగిసిందన్నది డై రంధ్రం కొలత నిర్ణయిస్తుంది.

నేను మొదట కొన్న హైడ్రాలిక్ క్రింపర్ నాకు ఈ పాఠం నేర్పింది. 70 కేబుల్, 70 లగ్గు, 70 అని చెక్కిన డై. పిడి కొట్టాను, డైలు రెండూ టక్కుమని కలిశాయి. బయటికి అందమైన ఆరు పలకలు. చేత్తో లాగితే రాలేదు. ఆ సంవత్సరం రెండు బోట్లకు అలాగే వేశాను. తర్వాత ఒక బోటు లగ్గు వేడెక్కుతోందని పిలిస్తే విప్పి, ఆ లగ్గుని హాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాను. మధ్యలో పోగుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. ఆరు పలకలు గొట్టం మీద పడ్డాయే తప్ప లోపలి రాగి ముద్ద కాలేదు. రెండో బోటు వేటకు వెళ్లి ఉంది. అది తిరిగొచ్చేదాకా నాకు నిద్ర లేదు. వచ్చిన రోజే అన్ని కేబుళ్లూ మార్చాను, డబ్బు తీసుకోలేదు.

తప్పు డైదీ, లగ్గుదీ కలిపి. ఆ డైలు గోడ మందంగా ఉండే లగ్గుల కొలతకి చేసినవి. నేను వాడింది పల్చటి గోడ లగ్గు. జర్మనీ డిన్ 46235 ప్రమాణం ప్రకారం చేసే రాగి లగ్గులుంటాయి. వాటి గొట్టం పొడవుగా, మందంగా ఉంటుంది. పైగా ఏ డై వాడాలో ఆ లగ్గు మీదే అంకె కొట్టి ఉంటుంది. 35 స్క్వేర్‌కి 12, 50కి 14, 70కి 16, 95కి 18. డై మీద కూడా అదే అంకె ఉంటుంది. ఆ రెండూ జతగా కొంటే ఊహించాల్సిన పనే లేదు. మామూలు లగ్గులకు ఆ సౌకర్యం లేదు. తయారీదారుని బట్టి గొట్టం బయటి వ్యాసం మారుతుంది. అమెరికా కొలతలతో వచ్చే లగ్గులు ఇంకో గందరగోళం. 2/0 అంటే సుమారు 67 స్క్వేర్, మన 70కి దగ్గర. 4/0 అంటే 107. మన 95 కేబుల్ అందులో వదులుగా ఊగుతుంది.

డై సరిపోయిందో లేదో లగ్గే చెబుతుంది. నొక్కాక రెండు పక్కలా సన్నటి రెక్కలు పొడుచుకొస్తే డై చిన్నది, లేదా లగ్గు గోడ ఎక్కువ మందం. అప్పుడు ఒక సైజు పెద్ద డైతో ఒకసారి నొక్కి, కొంచెం తిప్పి, తర్వాత చిన్న డైతో నొక్కితే రెక్కలు రావు. అసలు రెక్క జాడే లేకుండా డైలు చాలా తేలిగ్గా కలిసిపోతే డై పెద్దది. ఆ తేలిక చూసి సంతోషించకండి. చివరి నాలుగైదు పిడి దెబ్బలు చేతికి బరువుగా తెలియాలి.

డై వెడల్పు తక్కువ కాబట్టి 70 స్క్వేర్‌కి ఒక్క నొక్కు చాలదు. కన్ను వైపు మొదలుపెట్టి కేబుల్ వైపు వస్తూ రెండు మూడు నొక్కులు. నొక్కేకొద్దీ గొట్టం కొంచెం సాగుతుంది, అందుకే తొక్క తీసేటప్పుడు గొట్టం లోతు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ తీయాలి.

వీటికి ఉప్పు గాలి పడదు. పిస్టన్ మీద తుప్పు మచ్చ పడితే లోపలికి వెళ్లేటప్పుడు అది సీలుని కోసేస్తుంది, నూనె కారడం మొదలవుతుంది. నూనె తగ్గితే డైలు కలిసేలోపే పిడి ఉత్తగా ఆడుతుంది. తొందరలో ఉన్న మనిషి అప్పటికే అయిపోయిందనుకుంటాడు. డైల మధ్య వెలుతురు కనిపిస్తే నొక్కు పూర్తి కానట్టే. నూనె నింపేటప్పుడు హైడ్రాలిక్ నూనే పోయండి. చేతికి అందింది కదా అని బ్రేక్ నూనె పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. పని అయ్యాక పిస్టన్‌ని పూర్తిగా లోపలికి పంపి, తుడిచి, నూనె గుడ్డ చుట్టి ఇంట్లో పెట్టుకోండి. బోటులో వదిలేసిన హైడ్రాలిక్ క్రింపర్ రెండో సీజనుకి పనిచేయడం నేను చూడలేదు.

బ్యాటరీతో నడిచే క్రింపర్ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. సోలార్ ప్లాంట్లలో రోజుకి వందల లగ్గులు నొక్కేవాళ్లకు అవి సొమ్ముకి తగ్గ పని చేస్తాయి. ఒక బోటు మొత్తానికి పాతిక లగ్గులు కూడా ఉండవు. ఇక ఎరుపు, నీలం, పసుపు తొడుగుల చిన్న లగ్గులు నొక్కే చేతి క్రింపర్ దీపాలకి, పంపులకి వేసే తీగల కోసం. దానితో బ్యాటరీ లగ్గు జోలికి పోవద్దు.

సోల్డర్ సంగతి

పాత మేస్త్రీలు కొందరు లగ్గు గొట్టంలో సీసం కరిగించి పోసి, కేబుల్ ముంచి ఇస్తారు. క్రింపర్ దేనికి, దండగ అంటారు. వాళ్ల చేతి పని మీద నాకు అగౌరవం లేదు. సరిగ్గా పోసిన లగ్గు ఏళ్ల తరబడి నడవడం చూశాను. అమెరికా బోట్లకు నియమాలు రాసే ఏబీవైసీ సంస్థ ఈ-11 ప్రమాణంలో, ఏ జాయింటుకీ సోల్డర్ ఒక్కటే పట్టుగా ఉండకూడదంది. బ్యాటరీ లగ్గుకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. అదీ సోల్డర్ పట్టిన పొడవు కేబుల్ వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే.

అయినా నేను వేయను. రెండు కారణాలు. 60/40 సోల్డర్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. స్టడ్ దగ్గర నట్టు వదులై వేడెక్కితే ఆ వేడికి లగ్గు ఊడి కింద పడుతుంది, పాజిటివ్ కేబుల్ ఇంజిన్ బాడీని తాకిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది, సోల్డర్ గొట్టంలో ఆగదు. పోగుల మధ్య పైకి పాకి తొక్క కిందికి పోతుంది. అక్కడిదాకా మెత్తగా ఉన్న కేబుల్ ఊచలా బిగుసుకుంటుంది. ఇంజిన్ అదురుకి సరిగ్గా ఆ బిగుసుకున్న చోటు, మెత్తటి చోటు కలిసే దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన తొక్క ఉంటుంది కాబట్టి కనిపించదు. క్రింప్ చేసిన దాని మీద మళ్లీ సోల్డర్ పోసినా ఇదే జరుగుతుంది.

కొనే ముందు కోసి చూడండి

ఏ క్రింపర్ అయినా సరే, మీ కేబుల్ ముక్కతో, మీ లగ్గుతో రెండు నొక్కులు నొక్కకుండా డబ్బు ఇవ్వకండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పనిముట్ల షాపుకి వెళ్లేటప్పుడు ఒక మీటరు కేబుల్, నాలుగు లగ్గులు సంచిలో వేసుకుని వెళ్లండి. నొక్కి చూపించమని అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఉండగానే ఇంట్లో ఈ పని చేయండి. వంద రెండొందల లగ్గు పోతుందని వెనకాడొద్దు.

మొదటి లగ్గుని నొక్కు మధ్యలో హాక్సాతో అడ్డంగా కోయండి. కోసిన ముఖాన్ని ఎమరీ కాగితం మీద రుద్దండి. గొట్టం, పోగులు కలిసి ఒకే రాగి ముద్దలా కనిపించాలి. పోగుల గీతలు లీలగా కనబడితే పరవాలేదు. నల్లటి చుక్కలు, ఖాళీలు కనిపిస్తే ఆ డై, ఆ లగ్గు జత కుదరలేదు. పోగుల్ని సూదితో కదపగలిగితే ఇంక చెప్పేదేముంది.

రెండో లగ్గుని లాగి చూడాలి. ఏబీవైసీ పట్టికలో ఒక నిమిషం పాటు ఆగాల్సిన బరువులున్నాయి. మన 35 స్క్వేర్‌కి దగ్గరి సైజుకి 41 కిలోలు, 70కి దగ్గరి సైజుకి 68 కిలోలు, 107కి 102 కిలోలు. ఇంట్లోనే చేయొచ్చు. కేబుల్ రెండో చివర దూలానికి గట్టిగా బిగించి, లగ్గు కంటికి బోల్టు, గొలుసు వేసి బరువు వేలాడదీయండి. 35కి ఒక సిమెంటు బస్తా చాలు. 70కి సిమెంటు బస్తా, పాతిక కిలోల బియ్యం బస్తా కలిపి. నేల నుంచి జానెడు ఎత్తులోనే వేలాడదీయండి, పాదాలు దూరంగా పెట్టుకోండి. నిమిషం తర్వాత లగ్గు నోటి దగ్గర పెట్టుకున్న గీత వెంట్రుకవాసి కూడా జరగకూడదు. ఇవి కనీస అంకెలు మాత్రమే. చక్కగా నొక్కిన లగ్గు వీటికి చాలా ఎక్కువే మోస్తుంది. నా పాత క్రింపర్‌తో నొక్కిన వదులు లగ్గు కూడా ఈ బస్తాల పరీక్ష దాటేసింది. అందుకే కోత పరీక్షనే ముందు చెప్పాను.

బోటులో బిగించాక మల్టీమీటర్ పని. ఒక ప్రోబ్ బ్యాటరీ సీసపు పోస్టు మీద, లగ్గు మీద పెట్టొద్దు, పోస్టు మీదే. రెండోది స్టార్టర్ స్టడ్డు మీద. ఇంజిన్ తిప్పుతుండగా రీడింగ్ చూడండి. 2 మీటర్ల 70 స్క్వేర్‌కి 400 ఆంపియర్ల దగ్గర కేబుల్ వాటా 0.2 వోల్టు. దానికి కొంచెం పైన ఉంటే మంచి పనే. 0.6, 0.8 చూపిస్తే ఆ రెండు లగ్గుల్లో ఒకటి, లేదా ఒక నట్టు తప్పు. ఆపిన వెంటనే రెండు చివర్లూ చేత్తో తాకి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నాక లోపల జిగురు ఉన్న, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయండి. లగ్గు గొట్టం నుంచి తొక్క మీదికి రెండు వేళ్ల మేర రావాలి. అంచుల్లోంచి జిగురు బయటికి ఉబికేదాకా వేడి చేయండి. నల్ల టేపు చుట్టొద్దు. ఇంజిన్ గది వేడికి టేపు జిగురు కరిగి వదులవుతుంది, కింద ఉప్పునీరు చేరి బయటికి పోదు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

ఒక్క బోటు ఉండి, నాలుగైదేళ్లకోసారి కేబుళ్లు మార్చేవారైతే క్రింపర్ కొనకండి. బోటులో కొలతలు తీసుకుని, కన్ను దిశలు గుర్తు పెట్టుకుని, మంచి కేబుల్, మూసుకున్న లగ్గులు మీరే కొని, లగ్గుకి ఇంత అని తీసుకుని నొక్కి ఇచ్చే షాపుకి వెళ్లండి. ఒక లగ్గు అదనంగా నొక్కించి అక్కడే కోయించండి. కోయడానికి ఒప్పుకోని షాపులో పని చేయించకండి. క్రింపర్‌కి పెట్టబోయిన డబ్బుతో జీవితకాలం వాడుకునే మల్టీమీటర్ కొనుక్కుంటే మేలు.

రెండు మూడు బోట్లున్నవాళ్లకు, రేవులో పని చేసే ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లకు 120 స్క్వేర్ వరకు డైలున్న హైడ్రాలిక్ చేతి క్రింపరే సరైనది. 70 వరకు నొక్కే చిన్నది చాలదా అంటారు. 70 దాని ఆఖరి హద్దు. రోజూ హద్దు దగ్గర వాడితే సీళ్లు తొందరగా పోతాయి. కొన్నాక డైలతో ఏ కంపెనీ ఏ లగ్గు కుదిరిందో కోసి తేల్చుకుని, డై పెట్టె మూత లోపల పెయింటుతో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత లగ్గు మారిస్తే మళ్లీ కోయాల్సిందే. మీ పని ఎక్కువగా 50 స్క్వేర్ లోపే ఉండి, వర్క్‌షాపులో మంచి వైస్ ఉంటే మాత్రం పొడవు పిడుల క్రింపర్ తీసుకోండి. పదేళ్ల తర్వాత కూడా మీ దగ్గరే ఉంటుంది.

సుత్తి క్రింపర్ మాత్రం బోటుకొకటి ఉండాలని నా గట్టి కోరిక. రోజువారీ పనికి వద్దన్నది దీన్నే, సముద్రంలో అక్కరకొచ్చేదీ ఇదే. ఒక డబ్బాలో సుత్తి క్రింపర్, దాని కింద పెట్టడానికి పట్టాల ఇనుము ముక్క, మీ కేబుల్ సైజు రాగి లగ్గులు నాలుగు, జిగురు స్లీవ్ జానెడు, హాక్సా బ్లేడు, సరిపడా స్పానర్లు. అన్నిటికీ గ్రీజు పూసి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, డబ్బా మూతకి టేపు వేసి, బోటు నడిపే సరంగు పడుకునే చోట పెట్టించండి. ఇంజిన్ గదిలో వద్దు. జూన్ 15న రేవు దాటేలోపు కలాసీల్లో ఇద్దరిని కూర్చోబెట్టి, ఆ ఇనుము ముక్క మీద ఒక లగ్గు వాళ్ల చేతే కొట్టించండి.